వీరేశలింగం పంతులు గారి ఇల్లు – ముహర్రక్ సందుల్లోంచి చూస్తే

మనలో చాలామందికి కందుకూరి వీరేశలింగం పంతులు గారంటే తెలుగు వాచకంలో తలపాగాతో కనిపించే ఒక బొమ్మ గుర్తొస్తుంది. వితంతు వివాహాలు, స్త్రీ విద్య, రాజశేఖర చరిత్రము – ఈ మూడు మాటలు రాస్తే పరీక్షలో మార్కులు వచ్చేవి. ఆయన పుట్టి పెరిగిన ఇల్లు రాజమండ్రిలో ఇప్పటికీ ఉందని, రాష్ట్ర పురావస్తు శాఖ దాన్ని రక్షిత కట్టడంగా చూసుకుంటోందని, లోపలికి వెళ్ళి చూడవచ్చని ఇక్కడ బహ్రెయిన్‌లో నేను అడిగిన వాళ్ళలో చాలామందికి తెలియదు. అందులో గోదావరి జిల్లాల వాళ్ళు కూడా ఉన్నారు!

ప్రతి ఏడాది ఉగాది వేడుకలు అయిపోయాక మన సంఘంలో "ఈసారి ఊరికి ఏమైనా చేద్దామండీ" అనే మాట వస్తుంది. బడికి కంప్యూటర్లు, కంటి వైద్య శిబిరం, మంచినీళ్ళ ట్యాంకు... అన్నీ మంచి పనులే. ఈ మధ్య ఒక మిత్రుడు "మన పెద్దవాళ్ళ ఇళ్ళ సంగతి ఏమిటి, వాటికి మనలాంటి వాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడిగాడు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరుని, పాత ఇళ్ళ పిచ్చి కూడా కొంచెం ఉంది. కాబట్టి ఈ విషయం మీద తెలిసిన సంగతులు ఒకచోట పెడితే పదిమందికీ పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇల్లు, ఆ ఇంటి పిల్లవాడు

పంతులు గారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. (ఊరి పేరు 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం. నేను అలవాటు కొద్దీ పాత పేరే వాడుతున్నాను, పెద్దలు మన్నించాలి.) తల్లి పూర్ణమ్మ గారు, తండ్రి సుబ్బారాయుడు గారు. పిల్లవాడికి నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఆ తరువాత పెదనాన్న వెంకటరత్నం గారి పెంపకంలో పెరిగారు.

ఈ నాలుగేళ్ళ సంగతిని జీవితచరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఆ ఇంటికి సంబంధించినంత వరకు అదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం అనిపిస్తుంది. 1850ల మొదట్లో, బ్రాహ్మణ కుటుంబంలో, నాలుగేళ్ళ పిల్లాడిని పెట్టుకుని భర్త పోయిన ఆడమనిషి ఎలా బతకాల్సి వచ్చేదో మన అమ్మమ్మల నోట విన్నవాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. శుభకార్యంలో ముందుకు రాకూడదు, పొద్దున్నే ఎదురు రాకూడదు. తర్వాత రోజుల్లో ఈ దేశంలో ఎవరూ చేయలేని పని నేను చేస్తానని బయల్దేరిన మనిషి, చిన్నప్పుడు ఒక వితంతువు కొడుకుగా ఆ గదుల్లో తిరిగాడు. 1856లో కంపెనీ ప్రభుత్వం హిందూ వితంతు పునర్వివాహ చట్టం తెచ్చేనాటికి ఆయనకి ఎనిమిదేళ్ళు. చట్టం వచ్చిన పాతికేళ్ళ దాకా ఆంధ్రదేశంలో దాన్ని వాడుకునే ధైర్యం ఎవరికీ రాలేదు.

1861లో పంతులు గారికి పెళ్ళయింది. ఆయనకి 13 ఏళ్ళు, రాజ్యలక్ష్మమ్మ గారికి 8. బాల్య వివాహాలని అంతగా ఎదిరించిన ఆయన పెళ్ళి కూడా బాల్య వివాహమేనన్న సంగతి పిల్లలకి చెప్తే ఆశ్చర్యపోతారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక మొదట మద్రాసులో అచ్చయ్యేది, తర్వాత రాజమండ్రిలోనే సొంత అచ్చుయంత్రం పెట్టుకున్నారు. వితంతువుల గురించే కాదు, కోర్టుల్లో, కచేరీల్లో లంచాలు మింగే వాళ్ళ గురించి కూడా అందులో రాసేవారు. ఊళ్ళో శత్రువులు ఊరికే తయారు కాలేదు మరి.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన ఇంట్లో ఆంధ్రదేశపు తొలి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడకి చెందిన పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఆత్మూరి లక్ష్మీనరసింహం గారు, బసవరాజు గవర్రాజు గారు అండగా నిలబడ్డారు. పంతులు గారి శిష్యులు, స్కూలు కుర్రాళ్ళు కాపలా కాశారు. ఊరు ఊరంతా వెలి వేసింది. పెళ్ళికి వచ్చినవాళ్ళనీ, భోజనం చేసినవాళ్ళనీ, ఆఖరికి వంట మనుషుల్ని కూడా బెదిరించారు. వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు రావడం మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండిపెట్టారు. అంత జరిగాక కూడా ఆ దంపతులు వెనక్కి తగ్గలేదు. కొద్ది రోజులకే రెండో పెళ్ళి, ఆ తర్వాత మరొకటి, ఇలా మొత్తం మీద దాదాపు 40 పెళ్ళిళ్ళు చేశారు. మహాదేవ గోవింద రానడే గారు ఆయన్ని దక్షిణదేశపు విద్యాసాగరుడని మెచ్చుకున్నారు.

రాజమండ్రిలో ఆయన గుర్తులు ఇంకా ఉన్నాయి. 1890లో కట్టించిన టౌన్ హాలు ఉంది. దంపతులిద్దరి సమాధులు ఉన్న ఆనంద గార్డెన్స్ ఉంది. 1906లో తన ఆస్తి యావత్తూ రాసి ఇచ్చిన హితకారిణీ సమాజం ఉంది. వెళ్ళేవాళ్ళు ఇల్లు ఒక్కటే చూసి తిరిగి రాకండి, మూడూ కలిపి చూస్తేనే కథ పూర్తవుతుంది. రాజ్యలక్ష్మమ్మ గారు 1910లోను, పంతులు గారు 1919 మే 27న మద్రాసులోను పోయారు.

గోడలు మిగిలితే చాలా?

ఇక అసలు విషయానికి వద్దాం. పురావస్తు శాఖ చేతిలో ఉండటం వల్ల ఈ ఇల్లు నిలబడింది. లేకపోతే ఆ పాత ఊరి ఇరుకు వీధిలో ఈపాటికి నాలుగంతస్తుల అపార్టుమెంటు లేచేది, అందులో సందేహం లేదు. ప్రభుత్వాన్ని తిట్టడం మనకి అలవాటే గానీ ఇక్కడ ఆ మాట ఒప్పుకోవాలి. లోపల పంతులు గారికి సంబంధించిన ఫొటోలు, వస్తువులు ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే పది నిమిషాల్లో చూసేసి బయటికి వచ్చేస్తారు. నాకు వచ్చిన చిక్కు అక్కడే.

ఒక కవి ఇల్లో, రాజు గారి కోటో అయితే మంచం, కుర్చీ, కలం చూపిస్తే సరిపోతుందేమో. సంస్కర్త ఇల్లు అలాంటిది కాదు. అది తన వీధితో తాను పోట్లాడిన ఇల్లు. ఏ గుమ్మం దగ్గర నీళ్ళమనిషి రావడం ఆగిపోయింది, ఏ వంటింట్లో ఆవిడ ఒక్కతే అంతమందికి వండింది, పెళ్ళి రాత్రి కుర్రాళ్ళు ఎక్కడ నిలబడ్డారు – ఇవి చెప్పకపోతే అది ఒక పాత ఇల్లు, అంతే. చెప్పడానికి సరంజామా లేక కాదు. పంతులు గారే స్వీయచరిత్రము రెండు భాగాలు రాసి 1911లో ఒకటి, 1915లో ఒకటి అచ్చు వేయించారు. తన బాల్యం, పెళ్ళిళ్ళ గొడవలు, ఎవరు నిలబడ్డారో, ఎవరు ఆఖరి నిమిషంలో తప్పుకున్నారో పేర్లతో సహా అందులో రాసుకున్నారు. ఇంతటి సాక్ష్యం ఉన్న ఇళ్ళు ప్రపంచంలో తక్కువ.

ఇంకొక మాట. ఈ గొడవ 1881తో తీరిపోయిందని అనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళలో పనికి గల్ఫ్ దేశాలకి వచ్చే అక్కచెల్లెళ్ళలో భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మన సంఘం తరఫున సాయానికి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఊళ్ళో బతకనివ్వక, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కిన వాళ్ళు వాళ్ళు. రాజమండ్రిలో ఆ ఇంటి గోడ మీద ఒక బోర్డు వాళ్ళ గురించి కూడా ఉంటే పంతులు గారు కాదనరు.

మన పక్కనే ఉన్న ముహర్రక్

ఇల్లు నిలబెట్టి, దానికి పని కూడా కల్పించిన ఉదాహరణ కోసం దూరం వెళ్ళక్కరలేదు. మనామా నుంచి వంతెన దాటితే పది నిమిషాల్లో ముహర్రక్. ఒకప్పటి ముత్యాల వ్యాపారుల ఊరు. 1930లలో జపాన్ కల్చర్ ముత్యాలు వచ్చి ఆ వ్యాపారం కూలిపోయింది, తర్వాత చమురు వచ్చింది, పాత కుటుంబాలు కొత్త కాలనీలకి వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన ఆ ఇళ్ళలో పనివాళ్ళు అద్దెకి దిగారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చిన మన వాళ్ళు కూడా ఆ సందుల్లో ఒక్కో గదిలో ఎనిమిదిమంది చొప్పున ఉన్నారు. వారసత్వ కట్టడాల గురించి రాసే పుస్తకాల్లో వాళ్ళ ప్రస్తావన నాకు పెద్దగా కనిపించలేదు, కానీ మనుషులు ఉండబట్టే కొన్ని ఇళ్ళు కూలకుండా నిలిచాయని ఇంజనీరుగా నా నమ్మకం.

2002లో షేఖా మై బింత్ మొహమ్మద్ అల్ ఖలీఫా గారు తన తాత, పండితుడు షేక్ ఇబ్రాహీం పేరిట ఇక్కడ ఒక సాంస్కృతిక కేంద్రం మొదలుపెట్టారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఇళ్ళు ఒక్కొక్కటే బాగుచేయించారు, ప్రైవేటు సంస్థలు చాలావరకు ఖర్చు భరించాయి. వాటిలో మనకి కావలసినది అబ్దుల్లా అల్ జాయెద్ ఇల్లు. ఈయన బహ్రెయిన్‌కి అచ్చుయంత్రం తెచ్చి, 1939లో ఇక్కడి తొలి వార్తాపత్రిక "అల్ బహ్రెయిన్" నడిపిన మనిషి. పత్రిక 1944లో ఆగిపోయింది, ఏడాదికి ఆయన పోయారు. ఆ ఇంటిని ఇప్పుడు పత్రికారంగ చరిత్రకి కేటాయించారు. వివేకవర్ధని నడిపిన పంతులు గారి పక్కన ఈయన్ని పెట్టి చూడండి, నాకైతే ఇద్దరూ ఇరుగుపొరుగు వాళ్ళలా కనిపిస్తారు. ఇంకో తమాషా ఏమిటంటే, బహ్రెయిన్‌లో మొదటి ప్రభుత్వ బడి అల్ హిదాయా ముహర్రక్‌లో మొదలైంది 1919లో, అంటే పంతులు గారు పోయిన ఏడాదే. ఆడపిల్లల బడి వచ్చింది 1928లో.

ముహర్రక్‌లో నాకు నచ్చింది ఒక్కటే. ప్రతి ఇంటికీ ఒక పని ఉంది. ఒక ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని కురార్ అనే జరీ అల్లిక చేస్తూ ఉంటారు, ఒక ఇంట్లో మొహమ్మద్ బిన్ ఫారిస్ పాటలు పాడతారు, కేంద్రంలో ఉపన్యాసాలు జరుగుతాయి. జనం వస్తూ పోతూ ఉంటారు కాబట్టి పైకప్పు కారితే ఆ వారమే ఎవరో ఒకరు చూస్తారు. 2012లో ముత్యాల దారిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఆ దారిలో ముహర్రక్ భవనాలు 17 ఉన్నాయి. 2019లో ముహర్రక్ పునరుద్ధరణకి ఆగాఖాన్ వాస్తు పురస్కారం కూడా వచ్చింది.

సాంకేతికంగా చూసినా మనం నేర్చుకోవలసింది ఉంది. ఇక్కడి గోడలు సముద్రపు పగడపు రాయి, జిప్సం పూత. నేలలోంచి ఉప్పునీరు గోడల్లోకి ఎక్కుతుంది. అలాంటి గోడకి సిమెంటు పూస్తే ఉప్పు, తేమ బయటికి రాలేక లోపల్నుంచి రాయిని తినేస్తాయి. గోదావరి జిల్లాల పాత ఇళ్ళు ఇటుక, సున్నం, టేకు దూలాలు, పెంకులు. అక్కడ శత్రువులు వానా, చెదలూ. కానీ సూత్రం ఒక్కటే: సున్నం గోడకి సున్నమే పూయాలి. మనవాళ్ళు మరమ్మతు అనగానే సిమెంటు బస్తా దింపుతారు. దాతల డబ్బుతో చేసే మరమ్మతుల్లోనే ఈ పని ఎక్కువగా జరగడం విచారకరం.

కర్మాటాఁడ్ – ఒక సంఘం కొన్న ఇల్లు

ముహర్రక్ వెనక పెద్ద కుటుంబం, పెద్ద కంపెనీలు ఉన్నాయి, మనకెలా కుదురుతుంది అంటారా? అయితే ఈ కథ వినండి. పంతులు గారిని పోల్చిన ఆ ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారే, చివరి రోజుల్లో బెంగాల్ వదిలి ఇప్పటి జార్ఖండ్‌లోని కర్మాటాఁడ్ అనే సంతాల్ పల్లెలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళు ఉన్నారు. పేరు నందన్ కానన్. అక్కడ ఆడపిల్లల బడి నడిపి, హోమియోపతి మందులు ఉచితంగా ఇచ్చేవారు. ఆయన పోయాక కొడుకు ఆ ఇంటిని కలకత్తాలోని ఒక కుటుంబానికి అమ్మేశాడు. అది పడగొట్టే లోపల, 1974 మార్చి 29న, బీహారులోని బెంగాలీల సంఘం కొనేసింది. డబ్బు ఎలా వచ్చిందనుకున్నారు? ఇంటింటికీ తిరిగి ఒక్కో రూపాయి పోగుచేశారు! సొంత రాష్ట్రం బయట బతికే వాళ్ళ సంఘం, అచ్చం మనలాంటిదే. ఇల్లు అలాగే ఉంచి, ఆయన పేరిట ఆడపిల్లల బడి, ఉచిత హోమియో వైద్యశాల మళ్ళీ తెరిచారు. ఆయన ఎక్కిన పల్లకీ కూడా అక్కడే ఉంది.

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టి, పన్నెండేళ్ళు పెరిగిన అట్లాంటా ఇల్లు 1895లో కట్టినది. ఆ ఒక్క ఇంటినే కాకుండా చుట్టూ ఉన్న వీధిని కూడా కలిపి 1980లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. 2023 డిసెంబరులో ఒకావిడ ఆ ఇంటి మీద పెట్రోలు పోసి తగలబెట్టబోతే, చూడటానికి వచ్చిన యాత్రికులే ఆపారు. లండన్‌లో అంబేద్కర్ గారు 1921–22లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. అది నివాస ప్రాంతం, మ్యూజియం కుదరదని అక్కడి కౌన్సిల్ అడ్డుపడితే, అప్పీలు చేసి 2020లో అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. కొనడం సులువు, దాన్ని జనం చూసేలా తెరవడమే కష్టం అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు 1952లో నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలిన రాయపేట హైరోడ్డు ఇల్లు కూడా స్మారకంగా ఉంది. ఆయన ఆంధ్ర రాష్ట్రం కోసం పోరాడటానికి ముందు నెల్లూరులో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం దీక్ష చేశారు, ఆ సంగతి చాలామంది మర్చిపోయారు.

డబ్బు పంపాలనుకునే వాళ్ళకి

ఉత్సాహంతో వెంటనే చందాల పుస్తకం తెరవకండి. బహ్రెయిన్‌లో ప్రజల దగ్గర విరాళాలు పోగుచేయడానికి 2013 నాటి చట్టం ప్రకారం ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో అడిగినా సరే, పెద్దల్ని కనుక్కున్నాకే చేయండి. ఇండియా వైపు విదేశీ విరాళాల చట్టం 2010 ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మన బంధువులు ఓసీఐ కార్డు ఉన్నా సరే విదేశీ దాతలే అవుతారు, తీసుకునే సంస్థకి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. గల్ఫ్‌లో ఉన్న మనలో అత్యధికులు భారత పౌరులే కాబట్టి ఈ విషయంలో మన పని తేలిక. కేంద్ర ప్రభుత్వం 1996లో పెట్టిన జాతీయ సాంస్కృతిక నిధి ఫలానా కట్టడానికి, ఫలానా పనికి అని చెప్పి ఇచ్చే విరాళాలు తీసుకుంటుంది.

రాజమండ్రి ఇంటి విషయంలో గోడల బాధ్యత పురావస్తు శాఖదే. 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రక్షణలో ఉన్న కట్టడంలో శాఖ అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు, కొట్టాలని మనం అనుకోనూ కూడదు. మనం అడగదగినవి చిన్నవి. ప్రతి గదిలో అక్కడ ఏం జరిగిందో స్వీయచరిత్రము ఆధారంగా తెలుగులో, ఇంగ్లీషులో ఒక్కో ఫలకం. పూర్ణమ్మ గారి పేరు, రాజ్యలక్ష్మమ్మ గారి పేరు పంతులు గారి పేరంత పెద్ద అక్షరాల్లో. దొరికిన వివేకవర్ధని సంచికల డిజిటల్ ప్రతులు చదువుకునేందుకు ఒక కంప్యూటరు. ఏటా డిసెంబరు 11న ఆ ఇంట్లోనే ఒక సభ, ఒంటరి ఆడవాళ్ళకి న్యాయ సలహా ఇచ్చే ఒక వకీలు ఆ రోజు అక్కడ కూర్చునే ఏర్పాటు. వీటన్నిటికీ కలిపి మన ఉగాది స్టేజీ అలంకరణకి అయ్యేంత ఖర్చు కూడా కాదేమో.

ఈ మేరకు పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి ఒక విన్నపం రాశాను, ఎవరైనా చదివి సవరించవచ్చు. జులైలో సెలవుకి రాజమండ్రి వెళ్ళేవాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి గదులు, పైకప్పు, గోడల అడుగుభాగం ఫొటోలు తీసి తెస్తే (లోపల ఫొటోలకి ముందు అనుమతి అడగండి) సెప్టెంబరు సమావేశంలో విన్నపంతో పాటు జత చేస్తాం. తేమ మరకలు ఉంటే పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి, ఎత్తు తెలుస్తుంది.